మల్లెలకు నీళ్ళు ఆపండి (టీకా తాత్పర్య సహితము)

అవతారిక: అమ్మాయి పురిటికి డాలస్ వెళ్తూ, సూట్‌కేసులో ఆవకాయ సీసా ఎక్కడ సర్దాలా అన్న హడావుడిలో, క్యాలెండరులో డిసెంబరు కాగితం చింపి దాని వెనక రాసిన గ్రంథమిది. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో ప్రతిష్ఠితమైంది. కాలం, సంక్రాంతి వెళ్ళిన వారం. దేశం, డాబా మీద దక్షిణపు పిట్టగోడ వార. ఏ గ్రంథానికైనా నాలుగు అనుబంధాలు చెప్పాలి కనుక చెబుతున్నాం: విషయం, పెరటి పని. ప్రయోజనం, చైత్రంలో పువ్వు, వైశాఖంలో కాయ. అధికారి, పనిలేని గృహస్థు. సంబంధం, పెద్దలు కుదిర్చినది.

కాళిదాసుకు మెదక్ సీమ నుంచి కొలచలమ మల్లినాథసూరి వ్యాఖ్యాతగా దొరికాడు. ఈ గ్రంథకర్త్రికి భర్త దొరికాడు. ఎవరి ప్రాప్తం వారిది.

మూలము: మల్లెలకు నీళ్ళు ఆపండి ఆకు దూసి కత్తిరించండి వేప్పిండి వేసి మన్ను గుల్ల చెయ్యండి మందార చూడండి బీర గింజలు నానబెట్టండి తక్కినవి ముట్టుకోకండి

ప్రతిపదార్థము: మల్లెలకు = తొట్లయందలి గుండుమల్లె పొదలకు; నీళ్ళు = జలమును; ఆపండి = నిలుపుడు; ఆకు = పండినదనక పచ్చిదనక ఉన్న ఆకునెల్ల; దూసి = కొమ్మ వెంట పిడికిట లాగి; కత్తిరించండి = కత్తెరతో ఖండింపుడు; వేప్పిండి = వేపగింజల నూనె తీయగా మిగిలిన చెక్కపొడిని; వేసి = తొట్టికి గుప్పెడేసి చల్లి; మన్ను = గట్టిపడిన మట్టిని; గుల్ల చెయ్యండి = వేరు తెగకుండ తిరుగదీయుడు; మందార = మందారమును; చూడండి = (ఇది ఒక పంక్తిలో తేలునది కాదు, క్రింద చూడుడు); బీర గింజలు = బీర విత్తనములను; నానబెట్టండి = ఒక రాత్రి నీట నుంచుడు; తక్కినవి = పైన చెప్పని వానిని; ముట్టుకోకండి = తాకకుడు.

తాత్పర్యము: ఓ గృహస్థుడా! మల్లెను ముందు పస్తు పెట్టి, పిమ్మట గొరిగి, ఆ పిమ్మట అన్నము పెట్టుము. మందారమును కనిపెట్టి ఉండుము. బీర మొలిపించుము. అంతటితో క్రిందికి దిగి రమ్ము అని భావము.

విశేషము: ఇందులో అయిదు విధులు, ఒక నిషేధం. ‘అండి’ అనే అంత్యప్రాస మొదటి నుంచి చివరిదాకా తప్పలేదు. అది మర్యాదా, ఛందస్సా అన్నది సహృదయులు ఊహించుకోవాలి.

మొదట కాలనిర్ణయం. శిశిరం ఇంకా నడుస్తూండగా వసంతపు పనులేమిటని శంక. మాఘ శుద్ధ పంచమిని వసంత పంచమి అన్నవారు ఊరికే అనలేదు. అక్కణ్ణుంచి చైత్ర శుద్ధ పాడ్యమికి 56 తిథులు. కత్తెర పడ్డ మల్లె కొత్త కొమ్మ వేసి, ఆ కొమ్మ ముదిరి, మొగ్గ తొడగడానికి దాదాపు అంత వ్యవధీ కావాలి. ఉగాది పచ్చడి తిన్నాక కత్తెర వెతుక్కునేవాడు మొగ్గల్నే కత్తిరిస్తాడు.

ఇక అన్వయం. మూలంలో ఎక్కడా చుక్క లేదు, కామా లేదు. దానితో కింది పోర్షన్ వారు పూర్వపక్షం లేవదీశారు: “నీళ్ళు ఆపమన్నారు గానీ మళ్ళీ పొయ్యమని ఎక్కడా లేదు కదండీ? మాట జవదాటకూడదంటే ఇక పొయ్యనేకూడదు.” దీనికి మీమాంసకులు ఎప్పుడో సమాధానం చెప్పి ఉంచారు. పగలు ముద్ద ముట్టని దేవదత్తుడు బొద్దుగా ఉన్నాడంటే రాత్రిపూట తింటున్నాడన్నమాటే. అలాగే, తిరిగి వచ్చేసరికి మల్లెపూలు కావాలని కోరినావిడ మధ్యలో నీళ్ళు పొయ్యమన్నట్టే. ఎప్పుడంటే, వేప్పిండి వేసి మన్ను తిరగేసిన పూట, తొట్టి అడుగు చిల్లులోంచి కారేదాకా. చిల్లు వేళ్ళతో మూసుకుపోయి ఉంటే ముందు ఇనుప చువ్వతో పొడవాలి.

ఆపడం ఎన్నాళ్ళు? నేలలో పాతిన పొదకైతే రెండు వారాల పస్తు మామూలే. తొట్టి మట్టి చప్పున ఎండిపోతుంది కనుక ఆకు వడిలి వాలేదాకా ఆపితే చాలు. అంతకు మించితే అది పస్తు కాదు, ప్రాయోపవేశం.

‘దూసి’ అన్నచోట కాఫీ చుక్క పడి అక్షరం అలుక్కుపోయింది. ‘కోసి’ అని పాఠాంతరం. అది గ్రాహ్యం కాదు, ఒక్కొక్క ఆకూ కోస్తూ కూర్చుంటే అమ్మాయికి రెండో పురుడు వస్తుంది. నర్సరీ అతను మూడో పాఠం చెప్పాడు: దూయనే వద్దు, ఎండగడితే అదే రాలుస్తుందని. నిజమే, రాలుస్తుంది. కాని సగం రాల్చి సగం ఉంచుకుంటుంది, ఆ సగంలో పురుగు గుడ్లుంటాయి. మా మతం దూయమనే. దూసిన కొమ్మను వారం పది రోజుల తర్వాత దగ్గరగా చూడండి. ఆకు ఊడిన ప్రతి కణుపు దగ్గరా, మచ్చకు సరిగ్గా పైన, ఆవగింజంత పచ్చటి బొడిపె లేచి ఉంటుంది. అటొకటి ఇటొకటి, జంటగా. మల్లె పూసేది ఆ బొడిపెలోంచి వచ్చే లేతకొమ్మ చివరనే. పాత కొమ్మ మొయ్యడానికే గాని పుయ్యడానికి పనికిరాదు.

కనుకనే ‘కత్తిరించండి’. మోకాలెత్తున, కణుపుకి కాస్త పైన, ఏటవాలుగా. ఎండుపుల్లలూ, లోపలికి పెరిగి ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలూ మొదలంటా. ఇక్కడ రసం కరుణ. కత్తెర పట్టుకుని పైకెళ్ళి, కొసన నాలుగాకులు తుంచి, దణ్ణం పెట్టుకుని దిగివచ్చేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వారిళ్ళలో మల్లె పిట్టగోడ దాటి పక్కింటి డిష్ యాంటెన్నాకు అల్లుకుంటుంది. పూలు మాత్రం నిచ్చెన వేసినా అందనిచోట నాలుగు. జాలిపడ్డవాడి పెరడు ఆకుల పెరడే అవుతుందని మేము నిష్కర్షగా చెబుతున్నాం. ఈ గ్రంథమంతా తీసెయ్యమనీ, ఆపమనీ, గొరగమనీ చెప్పేదే. పెట్టమన్నది ఒక్క వేప్పిండే.

ఆ వేప్పిండి సంగతి. కాకి నుంచి పెరుగు కాపాడమని పిల్లవాడికి చెబితే, పిల్లి వచ్చినప్పుడు ఊరుకొమ్మని అర్థం కాదు. దాన్ని ఉపలక్షణం అంటారు. అలాగే వేప్పిండి అన్నప్పుడు మాగిన పశువుల ఎరువూ అందులో చేరినట్టే. వేప్పిండి వేరుకి బుడిపెలు కట్టించే నులిపురుగుల్ని అణుస్తుంది, నత్రజని నిదానంగా ఇస్తుంది. కడుపు నింపేది ఎరువు. మాగినదని తెలిసేదెట్లా? గుప్పెట పడితే వెచ్చదనం తగలకూడదు, పేడ వాసన పోయి తొలకరి నేల వాసన రావాలి. పచ్చి పేడ వేస్తే అది తొట్టిలోనే ఉడికి వేళ్ళను కాలుస్తుంది, పైగా వేరుపురుగు దిగుతుంది. పై మట్టి రెండంగుళాలు తీసేసి ఆ మేరకు ఎరువు నింపడం సంప్రదాయం. అరటి తొక్కల నీళ్ళు, గుడ్డు పెంకుల కషాయం వంటివి యూట్యూబ్ భాష్యకారుల ప్రక్షిప్తాలు. మూలంలో లేవు.

‘మందార చూడండి’. వాచ్యార్థం తీసుకుని చూసి వచ్చినవారున్నారు. ‘ఆకును తిరగేసి చూడండి’ అని లక్ష్యార్థం. మొగ్గ కాడల దగ్గర, ఆకు మడతలో, ఇడ్లీ పిండి చిలికినట్టు తెల్లగా అంటుకుని ఉండేది పిండినల్లి. దాని పక్కనే చీమల బారు ఉంటుంది. ఆ పురుగు కార్చే తియ్యని రసం కోసం చీమలు దాన్ని మేపుకుంటాయి, శత్రువులు దగ్గరికి రాకుండా కాస్తాయి. కనుక చీమ కనబడితే పురుగు ఉన్నట్టే, పొగ ఉంటే నిప్పున్నట్టు. లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి కాస్త సబ్బు నురుగు వేసి, ఎండ వాలాక, ఆకుల అడుగున కొట్టాలి. సబ్బు ఆ పురుగు మైనపు పైపూతను విరుస్తుంది. ఒక్కసారికి లొంగదు, వారం తర్వాత మళ్ళీ కొట్టాలి. ఇక వ్యంగ్యార్థం: ‘నేను చెప్తే తప్ప మీరు ఏదీ చూడరు’ అని. మూడింటిలో ఇదే ప్రధానమని ధ్వనివాదుల ఏకాభిప్రాయం.

బీరకు వ్యాఖ్య అక్కర్లేదు. గింజ నానుతుంది, మొలుస్తుంది, పందిరి అడుగుతుంది. తొలుత గుత్తులుగా వచ్చేవన్నీ మగపూలే, సాయంత్రం విచ్చి రాలిపోతాయి. కంగారు పడి డాలస్‌కి ఫోటోలు పంపనవసరం లేదు. పువ్వు కింద బుల్లి కాయ ఉన్నదే ఆడపువ్వు, అది తరవాత వస్తుంది.

‘తక్కినవి ముట్టుకోకండి’. తక్కినవి ఏవనగా నిమ్మ, తులసి, కరివేపాకు. పూతకొచ్చే వేళ నిమ్మ తొట్టి కదిపితే పూత రాలుతుంది కనుక నిషేధం సహేతుకం. తులసి వెన్నులు తుంచడం నిత్యపూజలో భాగం, దానికీ దీనికీ ముడిపెట్టరాదు. కరివేపాకు దగ్గరే చిక్కు. ఈ నిషేధం ‘మీరు’ అని గృహస్థును ఉద్దేశించినదే గాని కింది పోర్షన్ వారికి వర్తించదు. వారు రోజూ పొద్దున్నే పోపులోకి కొసలు తుంచుకుపోతున్నారు. కొస తుంచినకొద్దీ పక్కకొమ్మలు వేయడం దాని స్వభావం కనుక చెట్టు గుబురుగానే ఉంది. గృహస్థుకు చారులోకి రెండు రెబ్బలు కావలసివస్తే ఏం చెయ్యాలి? కిందికి వెళ్ళి వారినడిగి తెచ్చుకోవలెనని నిర్ణయము.