నన్ను ఖాళీ చేసేదెవరు?

ఊరికి బయలుదేరే ముందు నా చుట్టూ ఇంటిల్లిపాదీ చేరతారు. ఒకరు బట్టలు అందిస్తారు, ఒకరు మూత మీద కూర్చుని క్లిప్పులు బిగిస్తారు, పిల్లలు తమ బొమ్మకి కాస్త చోటు అడుగుతారు. తిరిగొచ్చాక మాత్రం నా దగ్గర ఒక్క మనిషే మిగులుతుంది. ఎక్కువ ఇళ్లలో ఆ మనిషి ఆ ఇంటి ఇల్లాలే. నలభై ఏళ్లుగా సికింద్రాబాదులో ఒకే కుటుంబాన్ని అంటిపెట్టుకుని ఉన్న సూట్‌కేసుని నేను. నా బతుకులో నేను గమనించిన పెద్ద సంగతి ఇదే గనక ముందే చెప్పేస్తున్నాను.

నాది గట్టి పెంకు. చుట్టూ లోహపు అంచు, రెండు క్లిప్పులు, ఒక పిడి. చక్రాల్లేవు. ఆడపిల్లకి ట్రంకు పెట్టె బదులు వీఐపీ సూట్‌కేసు ఇచ్చి పంపడం గొప్పగా ఉండే 1980లలో రాజమండ్రిలో నన్ను కొని సారె సర్దారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు కింద రాత్రంతా పడుకుని, తెల్లవారుజామున సికింద్రాబాదు స్టేషన్లో ఎర్రచొక్కా కూలీ తలకెక్కాను. ఆ బండి 1974లో మొదలైంది. స్టేషన్ దానికి సరిగ్గా నూరేళ్లు పెద్దది. వాడి జంక్షన్ నుంచి నిజాం రైలు మార్గం ఇక్కడికి చేరిన 1874 నాటిది. మేం చేరవలసింది చిలకలగూడలోని రైల్వే క్వార్టర్‌కి. పెళ్లికొడుకు గార్డు, వరంగల్ వైపు మనిషి. పెళ్లికూతురు గోదావరి పిల్ల. ఇకమీదట వాళ్లని సారు, అమ్మగారు అంటాను.

నన్ను మొదటిసారి తెరిచింది వరండాలో, చాప మీద, పదిమంది ఎదుట. సారె పెట్టెను గదిలోకి తీసుకుపోయి చాటుగా తెరవరు కదా. పసుపు కుంకుమ, రవికె గుడ్డలు పైన. కింద చలిమిడి, సున్నుండలు, అరిసెలు. క్వార్టర్లలో తమిళులు, మరాఠీలు, లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసే ఆంగ్లో ఇండియన్ల కుటుంబాలు కూడా ఉండేవి. అందరి ఇళ్లకీ పళ్లేలు వెళ్లాయి. చీకటిపడే వేళకి నేను ఖాళీ. అత్తగారు నన్ను పూర్తిగా వట్టిపోనివ్వలేదు. అడుగున ఒక పసుపు కొమ్ము, ఒక రూపాయి బిళ్ల వేసి మూత పెట్టింది. పెట్టెను ఉత్తగా ఉంచకూడదని ఆవిడ పట్టింపు.

ఆ మర్నాటి నుంచే ఆ ఇంట్లో రెండు పద్ధతులు ఎదురుపడ్డాయి.

అమ్మగారిది పుట్టింటి అలవాటు. ఊరి నుంచి రాగానే, కాళ్లు కడుక్కుని కాఫీ తాగడమే ఆలస్యం, పెట్టె నేల మీద పెట్టి విప్పేయాలి. విడిచినవి ఒక కుప్ప, కట్టనివి బీరువాలోకి, తినేవి వంటింట్లోకి. సారుకి అది అస్సలు పడేది కాదు. ఆయనకి ఎప్పుడూ సర్ది ఉండే డ్యూటీ సంచి ఒకటుండేది. లుంగీ, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను, టిఫిన్ క్యారియర్, రన్నింగ్ రూములో వండించుకోవడానికి బియ్యం, పప్పు, చింతపండు పొట్లాలు. కాజీపేట నుంచి వచ్చినా, విజయవాడ నుంచి వచ్చినా ఆ సంచి గోడకి ఆనుకుని అలాగే ఉండాలి. ఏ అర్ధరాత్రో కాల్‌బాయ్ కాల్ బుక్ పట్టుకుని తలుపు కొడతాడు, సంతకం పెట్టి బయలుదేరాలి.

"ఏవండీ, తడి తువ్వాలు అందులోనే ఉండిపోయింది. ఇస్తే ఉతికి ఆరేస్తాను."

"ఉండనియ్యే. రాత్రి కాలొస్తే మల్ల యాడ ఎతుక్కోవాలె?"

సంచి సంగతి సరే, అదే తీరు ఆయన నా మీద కూడా చూపించేవారు. రాజమండ్రి నుంచి సంక్రాంతికి వచ్చినా ఆయన బట్టలు నాలోనే ఉండిపోయేవి. కావలసిన చొక్కా పైనుంచి లాక్కుని మూత వేసేవారు. ఆయనది బద్ధకం కాదని నాకు తెలుసు. స్టేషన్లో ఆయన కోసం ఇంకో పెట్టె ఉండేది, లైన్ బాక్సు. ఇనప రేకు పెట్టె, మీద తెల్లరంగుతో ఆయన పేరు. అందులో ఎర్రజెండా, పచ్చజెండా, చేతి దీపం, పొగమంచులో పట్టాల మీద పెట్టి పేల్చే డిటొనేటర్లు, ప్రథమ చికిత్స సామాను, రూల్ బుక్కు. బండి మారినప్పుడల్లా బాక్స్ పోర్టర్లు దాన్ని బ్రేకు వ్యాన్‌లోకి ఎక్కించేవాళ్లు, దింపేవాళ్లు. దాన్ని ఖాళీ చేయడమనేదే లేదు. బండి మధ్యదారిలో ఆగితే వెనక వచ్చే బండిని ఆపేది ఆ పెట్టెలోని సామానే. అలాంటి పెట్టెతో బతికిన మనిషికి సర్ది ఉన్న పెట్టెను చూస్తేనే నిద్ర పడుతుంది.

అయినా నా శరీరం అమ్మగారి వైపే. వానాకాలంలో తడి బట్ట రెండు రోజులు నాలో ఉంటే లోపలి అస్తరు బూజు పడుతుంది. ఆ ముక్కవాసన నెలల తరబడి పోదు, తర్వాత సర్దిన పట్టుచీరకీ అంటుకుంటుంది. దానికి మించిన బెడద నల్లులు. బెర్తుల సందుల్లోంచి పాకి నా అంచుల మడతల్లో దాక్కునేవి. వాటితో నేను మంచం కింద ఒక్క రాత్రి పడుకుంటే చాలు, ఇల్లంతా వాటిదే. అమ్మగారు నన్ను గడప లోపలికి రానిచ్చేది కాదు. బట్టలు తీసి వేడినీళ్లలో పడేసి, నన్ను మూత తెరిచి మిద్దె మీద మే నెల ఎండలో పెట్టేది. యాభై డిగ్రీల వేడి తగిలితే నల్లి గానీ దాని గుడ్డు గానీ బతకదు. సికింద్రాబాదు ఎండలో కాగిన మిద్దె నేల ఆ వేడిని తేలిగ్గా అందుకుంటుంది. 2010 ప్రాంతంలో న్యూయార్కు నగరమంతా నల్లులతో అల్లాడినప్పుడు అక్కడి వాళ్లు బట్టలు వేడి డ్రయర్లో తిప్పారు. న్యూజెర్సీలో ఉన్న అమ్మగారి కూతురు ఇప్పటికీ ఊరి నుంచి వస్తే పెట్టెను గరాజులోనే విప్పుతుంది. తల్లి మిద్దె మీద చేసిందే కూతురు అక్కడ చేస్తోంది.

పెద్దావిడది, అంటే సారు వాళ్లమ్మది, ఇంకో తీరు. ఆవిడకి బండి బట్టలంటే మైల. బొగ్గు ఇంజన్ల కాలంలో ప్రయాణాలు చేసిన మనిషి. మసి, చెమట, పక్కవాడి దగ్గు, అన్నీ కట్టుకున్న గుడ్డకే ఉంటాయని ఆవిడ నమ్మకం. స్నానం చేసిగానీ ఏ వస్తువూ ముట్టుకోనిచ్చేది కాదు. మడి అని పిల్లలు విసుక్కునేవాళ్లు. ఆవిడ పోయిన చాలా ఏళ్లకి, 2020లో, బయటికెళ్లి వచ్చిన ప్రతివాళ్లూ చెప్పులు, సంచులు గుమ్మం బయటే వదిలి నేరుగా స్నానాలగదికి నడిచారు. అప్పుడు ఇంట్లో అందరూ ఆవిడనే తలుచుకున్నారు.

తినేవాటి విషయంలో మాత్రం ముగ్గురికీ తేడా రాలేదు. తిరుపతి లడ్డూ మొదట దేవుడి దగ్గరికి, తర్వాత చిదిపి ఇంటింటికీ. ఆత్రేయపురం పూతరేకులు తడి తగలని డబ్బాలోకి. వరంగల్ వైపు నుంచి వస్తే సకినాలు. ఊరి నుంచి వచ్చిన మనిషిని ఏం తెచ్చావని అడగడం ఈ ఊరికి పాత హక్కు. ఇక్కడి ఉజ్జయిని మహంకాళి అమ్మవారే అలా వచ్చిందని చెప్పుకుంటారు. సైన్యంలో డోలీ మోసే సురటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా జంటనగరాల్లో కలరా చెలరేగింది. ఊరు బాగుపడితే గుడి కడతానని అక్కడి అమ్మవారికి మొక్కుకుని, 1815లో తిరిగివచ్చి కర్రతో చేసిన విగ్రహం నిలిపాడట. ఏటా ఆషాఢంలో బోనాలు ఎత్తుకుని బయలుదేరే ఆడవాళ్లని కిటికీలోంచి చూసినప్పుడల్లా అప్పయ్య తెచ్చిన ఆ మొక్కే నా మనసులో మెదులుతుంది.

కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు ఒక్కదాన్ని మాత్రం అమ్మగారు వెంటనే తెరవలేదు. మూతి బిగించినది బిగించినట్టే పీట మీద పెట్టి, సమారాధన రోజున పూజ చేశాకే అందరికీ తలా ఉద్ధరిణెడు పోసింది. అన్నిటినీ రాగానే విప్పే మనిషి దానికోసం ఆగింది. 1830లో మద్రాసు నుంచి బయలుదేరి, హైదరాబాదు, సికింద్రాబాదుల మీదుగా కాశీకి వెళ్లి, మరుసటేడు ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య తెచ్చిన దినచర్య కూడా 1838లో గానీ పుస్తకమై జనానికి అందలేదు. అప్పటికి ఆయన లేరు. ప్రయాణం తెచ్చినదంతా గుమ్మంలోనే కుమ్మరించనక్కర్లేదు.

ఇక నన్ను బాధపెట్టిన ఘట్టం చెప్పాలి.

కొడుక్కి పెళ్లయింది. కోడలు సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఆమెతోపాటు చక్రాల పెట్టెలు వచ్చాయి. అమెరికాలో బెర్నార్డ్ సాడో అనే ఆయన చక్రాల పెట్టెకి 1972లోనే పేటెంటు తీసుకున్నా, మా ఇంటికి అవి చేరేసరికి చాలా కాలం పట్టింది. నన్ను అటక ఎక్కించారు. అక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి. ప్లాట్‌ఫారం మీద, మూత్రశాలల ముందు, ఆటోస్టాండు బురదలో దొర్లిన ఆ చక్రాలని తీసుకొచ్చి పరుపు మీద పెట్టి విప్పడం అమ్మగారికి గుండెల్లో గుచ్చుకునేది. ఆమె మాట న్యాయమే. ఆదివారం రాత్రి గోవా నుంచి దిగి, సోమవారం పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చునే కోడలు వారమంతా ఆ పెట్టెలోంచే బట్టలు తీసి కట్టుకునేది.

ఒకరోజు కోడలు ఆఫీసుకి వెళ్లాక అమ్మగారు ప్రేమకొద్దీ ఆ పెట్టె విప్పింది. అన్నీ ఉతికింది, ఇస్త్రీ చేయించింది, అరలో సర్దింది. సాయంత్రం కోడలు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "అత్తయ్యా, నా బ్యాగు నేనే తీసుకుంటాను. మీరు తీయకండి," అంది. గొంతు పెంచలేదు. అమ్మగారు ఆ రాత్రి అన్నం తినలేదు. ఆమె సారె పెట్టెను ఊరంతా చూసింది, ఎవరినీ తప్పుపట్టాలని ఆమెకి తోచలేదు. కోడలికేమో తన లోదుస్తులు, మందులు, రాసుకున్న కాగితాలు ఇంకొకరి చేతిలో పడటం భరించరానిది. నేను పదిమందిలో విప్పబడ్డదాన్నే అయినా కోడలి వైపే నిలుస్తాను. సారె ఇచ్చింది పంచడానికి. ప్రయాణపు పెట్టె ఆ మనిషి ఒంటికి దగ్గరది, అడగకుండా తెరవకూడదు.

అయితే ఆ పెట్టెలో సగం బట్టలు కొడుకువి. అతను సోఫాలో ఫోను చూస్తూ కూర్చున్నాడు. ఆ సంగతి అత్తా అనలేదు, కోడలూ అనలేదు.

అన్నది సారు. గార్డులని 2022లో ట్రైన్ మేనేజర్లు అన్నారు గానీ ఆయన అంతకు ముందే రిటైరయ్యారు. రిటైరయ్యే రోజున లైన్ బాక్సు తెరిచి, జెండాలు, దీపం, డిటొనేటర్లు ఒక్కొక్కటీ లెక్క చూపించి అప్పజెప్పి వచ్చారు. జీవితంలో ఆయన పూర్తిగా ఖాళీ చేసిన మొదటి పెట్టె అదే. ఇంటికొచ్చి డ్యూటీ సంచి కూడా విప్పి గోడకి తగిలించారు. తర్వాత కాశీ వెళ్లి వచ్చినప్పుడు, అమ్మగారు కాఫీ పెట్టేలోపు నన్ను నేల మీద పెట్టి తన బట్టలు తాను తీసి బకెట్లో వేశారు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆయనే కొడుకుని పిలిచారు. "అరేయ్, ఇటురా. నీ బట్టలు తీస్కపో. లైన్ బాక్సు ఎవరిది వాళ్లే అప్పజెప్పాలె, నా తరపున మీ అమ్మని పంపిన్నా?"

కొడుకు లేచాడు. కోడలి అర సారు ముట్టుకోలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో పెట్టె మంచం ఎక్కలేదు. చక్రాలు తుడిచి హాల్లో చాప మీద పెడుతున్నారు. కోడలు తనది గురువారం విప్పుకున్నా ఎవరూ అడగరు, తడివి మాత్రం రాగానే బయటికి తీస్తుంది. మనవడు తన బొమ్మలు, మాసిన సాక్సులు తానే పట్టుకెళ్తాడు. వాడికి ఏడేళ్లు, ఆపాటి పని వాడికి బరువేం కాదు.

2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బండ్లు అక్కడికి మారాయి. మీరు ఏ స్టేషన్లో దిగినా సరే, ఇంటికొచ్చాక తడి బట్టలు ఆ పూటే తీయండి, మిగతావి మీ వీలు. ఇంకొకరి పెట్టె తెరిచే ముందు అడగండి. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లిన మనిషి తిరిగి వచ్చేసరికి మీ బట్టలు మీరు తీసుకుని ఉండండి.