డబ్బాదర్శిని: ఇంగువ చీటీకి టీకా తాత్పర్యం

మూలం

ఇంగువ ఉంది. మళ్ళీ తేకండి. వెళ్ళేముందు డబ్బా చూడండి.

అవతారిక

ఒకానొక ఆదివారం ఉదయం గృహస్థు, అనగా ఈ వ్యాఖ్యాత, సంచీ చంకన పెట్టుకుని కిరాణా కొట్టుకు బయల్దేరబోగా, అప్పటికే మూడు ఇంగువ డబ్బాలు పోగేసిన అతని పూర్వచరిత్ర తలచుకుని గృహిణి ఫ్రిజ్ తలుపుకు అంటించిన చీటీ ఇది. ఛందస్సు వచనం. యతి మాత్రం నా నోటికి పడింది.

ప్రతిపదార్థం

ఇంగువ = హింగువు. అమరకోశం దీన్ని బాహ్లీకమని కూడా అంది. బాహ్లీకమంటే నేటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ సీమ; సీమ పేరే సరుకు పేరైంది. ఈ మొక్కను మన దేశంలో సాగుకని నాటింది మొన్న మొన్న, 2020 అక్టోబరులో, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో. అంత దూరాభారపు వస్తువును నేను వీధి చివరి నుంచి అలవోకగా తెస్తూ వచ్చాను. అమరకోశంలోనే ఇంకో పేరుంది, సహస్రవేధి. వేయింటిని ఛేదించుకుపోయేది అని అర్థం. అంత ఘాటు సరుకు అల్మరాలో మూడు డబ్బాలుంటే నీ ముక్కుకేమైందని పూర్వపక్షం. సీలు తీయలేదు గనుక అని సమాధానం. ఈ సమాధానాన్ని గ్రంథకర్త్రి అంగీకరించలేదు.

ఉంది = కలదు. ఎక్కడ? మూలం చెప్పదు. వ్యాఖ్యాతలు తన్నుకునేది ఇక్కడే. పొయ్యి పక్కన డబ్బా అడుగంటితే నా కంటికి ఇల్లంతా అడుగంటినట్టే. దాని వెనక రబ్బరు బ్యాండు బిగించిన సగం పొట్లం, ఆ వెనక అసలు తెరవని పొట్లం ఉంటాయన్న సంగతి వంట చేసేవాళ్ళకే తెలిసిన రహస్యార్థం. కొత్తది ముందు పెట్టి పాతదాన్ని గోడకు నెట్టే అలవాటు ఎవరిదంటారా? సంచీ ఖాళీ చేసేది నేనే.

మళ్ళీ = పునః. కావ్యంలో పునరుక్తి దోషం. అల్మరాలో అంతకన్నా దోషం, ఎందుకంటే కావ్యానికి పురుగు పట్టేసరికి కవి ఉండడు, రెండో కిలో కందిపప్పుకు పట్టేసరికి మనం ఉంటాం. ఇంగువకు ఇంకో బాధ. కొట్లో దొరికేది చాలామటుకు గోధుమపిండో మైదానో, జిగురో కలిపిన పొడి. మూత తీసి ఉంచితే వాసన పోతుంది, పిండి మిగులుతుంది. చిటికెడు చొప్పున వాడితే 50 గ్రాముల డబ్బా నెలలు వస్తుంది. నాలుగు డబ్బాల లెక్క పాఠకులే వేసుకోండి. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్న కొట్టువాడి మాట ఆమ్రేడితం.

తేకండి = స్పష్టం.

డబ్బా చూడండి = చూడడమంటే మూత చూడడం కాదు. కదపాలి, తెరవాలి, వెనక చేయి పెట్టాలి.

పాఠాంతరం

ఫ్రిజ్ ప్రతి చదివి కూడా నాలుగో డబ్బా ఎలా వచ్చిందని అడగవచ్చు. వాట్సాప్ ప్రతిలో ‘ఇంగువ, ఆవాలు, మెంతులు’ అని మాత్రమే ఉంది, క్రియాపదం లేదు. ‘తెమ్ము’ అని నేను అధ్యాహారం చేసుకున్నాను. ‘ఇంట్లో ఉన్నవి’ అని కవి హృదయం. కొట్టు దగ్గర ఫ్రిజ్ ఉండదు, ఫోనే ఉంటుంది. కనుక వాట్సాప్ పాఠమే గెలిచింది.

విశేషాలు

ఆనాటి నుంచి చీటీకి రెండు వరసలు: ఉన్నవి, తేవలసినవి. అయిపోయాక రాయడం కాదు, చివరి పొట్లం కత్తిరించిన చేత్తోనే రెండో వరసలోకి ఎక్కించాలి. బయల్దేరేముందు అల్మరాకు ఫోన్లో ఫొటో తీయడం నవీనుల మతం. వెనక వరస ఫొటోలో పడదు గనుక నేను దాన్ని ఖండిస్తున్నాను.

తాత్పర్యం

ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన్ని సరుకులకు పంపాల్సింది.

గద్య

ఇది నాలుగు ఇంగువ డబ్బాల గృహస్థు విరచితమైన డబ్బాదర్శిని అను వ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసం ఆవాలది. వాటి లెక్క ఇంకా తేలలేదు.