ఒక క్రయ దస్తావేజు ఆత్మకథ

క్రయ దస్తావేజు తన్ను తాను పేర్కొనవలసి వచ్చినప్పుడు ‘ఈ దస్తావేజు’ అనే అంటుంది కనుక, హైదరాబాదులోని ఎల్బీనగర్ పరిధిలో ఒక కాలనీలో 200 గజాల ఇంటి స్థలాన్ని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మార్చిన ఈ దస్తావేజు కూడా తన జీవితాన్ని ఆ సంప్రదాయంలోనే, ప్రథమ పురుషలోనే వివరిస్తున్నది.

ఈ దస్తావేజు 1990లలో పుట్టింది. సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, మన్సూరాబాద్ వైపు సాగు భూములు సర్వే నంబర్ల వారీగా ప్లాట్లుగా చీలి, పంచాయతీ లేఅవుట్ల పేరుతో చిరుద్యోగులకు, చిన్న వ్యాపారులకు అమ్ముడుపోతున్న కాలం అది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దస్తావేజు లేఖరి స్టాంపు కాగితాల మీద దీనిని టైపు చేయించి, ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో’ అనుభవించవచ్చునన్న మాటను అలవాటు ప్రకారం చేర్చాడు. చివరి పేజీలో ఆస్తి షెడ్యూలు, అనగా స్థలం ఏ సర్వే నంబరులో, ఏ ప్లాటు నంబరుతో, ఎన్ని గజాల్లో ఉన్నదో, నాలుగు వైపులా హద్దులేమిటో తెలిపే పట్టిక, ఉన్నది: తూర్పున ముప్పై అడుగుల రోడ్డు, మిగిలిన మూడు దిక్కులా పొరుగు ప్లాట్లు. మొదటి కాగితం వెనుక సబ్ రిజిస్ట్రారు ముద్ర, దస్తావేజు సంఖ్య, సంవత్సరం, ఒకటవ పుస్తకంలో నకలు ఎక్కిన పేజీలు, అమ్మినవాడి ఎడమ బొటనవేలి ముద్ర ఉన్నాయి. ఫొటో మాత్రం లేదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 32-ఎ సెక్షను ద్వారా ఇరుపక్షాల ఫొటోలు, వేలిముద్రలు దస్తావేజుకు అతికించడం దేశమంతటా తప్పనిసరి అయినది 2001 సవరణతోనే. అంతకుముందు ఒకరి పేరుతో మరొకరు నిలబడి సంతకం చేస్తే పట్టుకోవడం చాలా కష్టంగా ఉండేది.

కొనుగోలుదారు ఈ దస్తావేజును బీరువాలో పెట్టి, స్థలం మీద తన హక్కు ఇక తిరుగులేనిదని నమ్మాడు. ఆ నమ్మకంలో సగమే నిజం. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను, రిజిస్టరు కాని పత్రం హక్కును బదిలీ చేయజాలదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి కనుక, నోటరీ కాగితం కన్నా, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) కన్నా ఈ దస్తావేజు ఎంతో మేలు. జీపీఏ మీద జరిగే అమ్మకాల వలన యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ తీర్పులో తేల్చింది. అయితే అమ్మినవాడికి ఉన్న హక్కు మాత్రమే కొన్నవాడికి వస్తుంది; లేని హక్కును సర్కారు ముద్ర సృష్టించలేదు. అమ్మేవాడి టైటిలు, అనగా ఆస్తిపై అతనికి గల చట్టబద్ధమైన యాజమాన్య హక్కు, సరైనదా కాదా అని విచారించే అధికారం సబ్ రిజిస్ట్రారుకు లేదని 2025లో కె. గోపీ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైన టోరెన్స్ పద్ధతిలో రిజిస్టరులో ఉన్న పేరుకు ప్రభుత్వమే హామీ ఇస్తుంది. భారతదేశంలో అటువంటి హామీ లేదు, ఆ దిశగా ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూ హక్కుల చట్టం తీవ్ర వివాదమై 2024లో రద్దయింది. అందుచేత ఇక్కడ ప్రతి దస్తావేజూ తన వంశాన్ని తానే నిరూపించుకోవాలి. ఆ వంశాన్నే లింకు డాక్యుమెంట్లు అంటారు: పట్టాదారు నుంచి మొదలై ఖాస్రా పహాణీ, పహాణీలు అనే రెవెన్యూ రికార్డులు, పాత విక్రయాలు, భాగపంపకాలు, వారసత్వ పత్రాలు మధ్యలో తెగకుండా ఒకదానితో ఒకటి కలుస్తూ రావాలి.

ఈ దస్తావేజు వంశంలో లోపం బయటపడటానికి పదేళ్లకు పైగా పట్టింది. కొనేముందు తీసిన ఈసీ, అనగా ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే భార ధ్రువపత్రం, నిర్మలంగానే ఉన్నది. ఈసీలో రిజిస్టరైనవి మాత్రమే కనిపిస్తాయి. నోటి పంపకాలు, రిజిస్టరు కాని ఒప్పందాలు, చెరువు నిండు నీటిమట్టాన్ని తెలిపే ఎఫ్‌టీఎల్ హద్దు, పట్టణ భూగరిష్ఠ పరిమితి విచారణ వంటివి అందులో కనిపించవు. 1976 నాటి ఆ పరిమితి చట్టం ప్రకారం హైదరాబాదులో ఒకరికి 1,000 చదరపు మీటర్లకు మించిన ఖాళీ స్థలం మిగులు భూమి అవుతుంది. ఈ కాలనీ పట్టాదారు భూమిలో కొంత మిగులుగా తేలిన సంగతి రెవెన్యూ ఫైళ్లలో ఉండిపోగా, అదే భూమి ప్లాట్లుగా అమ్ముడుపోయింది, ఒక్కొక్క ప్లాటుకూ ప్రభుత్వం స్టాంపు సుంకం తీసుకున్నది. 2007లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం రిజిస్ట్రేషన్ చట్టంలో చేర్చిన 22-ఎ సెక్షను ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫు, మిగులు భూముల రిజిస్ట్రేషన్లను నిషేధించింది. సర్వే నంబరు ఆ నిషేధిత జాబితాలోకి ఎక్కిన నాటి నుంచి ఈ దస్తావేజు యజమాని ఇల్లు అమ్మలేకపోయాడు, కూతురి పేర రాయలేకపోయాడు, బ్యాంకు రుణం పొందలేకపోయాడు. సుంకం తీసుకున్నప్పుడు చెప్పని లోపాన్ని తరువాత కొన్నవాడి మీదకే నెట్టడం అన్యాయమని ఈ దస్తావేజు గట్టిగా భావిస్తున్నది. మిగులు భూముల వివరాలు అమ్మకానికి ముందే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అందుబాటులో ఉండి ఉంటే ఆ కుటుంబాలకు అంత క్షోభ ఉండేది కాదు.

2008లో రాష్ట్రం పరిమితి చట్టం రద్దును స్వీకరించినా, రద్దుకు ముందే ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న భూములకు ఆ రద్దు వర్తించలేదు. ‘స్వాధీనం’ కాగితాల మీద జరిగిందా, నేల మీద జరిగిందా అన్నదే కోర్టుల్లో పెద్ద వాదమైంది. చివరకు 2022 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం జీవో 118 జారీ చేసి, ఎల్బీనగర్ ప్రాంతంతో సహా 44 కాలనీల్లో రిజిస్టరు దస్తావేజులతో కొనుక్కున్నవారికి 1,000 గజాల వరకు గజానికి 250 రూపాయల రుసుముతో క్రమబద్ధీకరణకు వీలు కల్పించింది. దరఖాస్తులో యాజమాన్యానికి ఆధారంగా నిలిచినది ఈ దస్తావేజే. దానితో పాటు ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, స్థలం స్వాధీనంలో ఉన్నదని చూపే ప్రతి చిన్న కాగితమూ అక్కరకు వచ్చాయి. లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం అయిన ఎల్‌ఆర్‌ఎస్ ఇటువంటిది కాదన్న సంగతి చాలామందికి తెలియదు: అది అనుమతి లేని లేఅవుట్‌ను సరిచేస్తుంది, టైటిలులోని లోపాన్ని సరిచేయదు.

ఈలోగా చుట్టుపక్కల ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల్లో ఇప్పుడు పుడుతున్న దస్తావేజులు ఫ్లాటుతో పాటు భూమిలో విభజించని వాటాను కూడా గజాల్లో చెబుతాయి. ఆ అంకెను చదవకుండా సంతకం చేసేవారు ఎక్కువ కావడం విచారకరం.

ఒకసారి అమ్మిన స్థలాన్నే రెండోసారి అమ్మే ప్రయత్నం ఈ కాలనీలో ఖాళీ ప్లాట్ల మీదే జరిగింది. ముందు రాసిన దస్తావేజుకే చట్టంలో ప్రాధాన్యం ఉన్నా, దూరాన ఉన్న యజమాని ఏళ్ల తరబడి చూడకపోతే పన్నెండేళ్ల ప్రతికూల స్వాధీనం, అనగా యజమాని హక్కును బాహాటంగా కాదని మరొకరు అనుభవించడం, దావా వేసే హక్కునే హరించవచ్చు. అందుకే ఈ దస్తావేజు యజమాని ఇల్లు కట్టకముందే ప్రహరీ కట్టించి, మున్సిపల్ రికార్డులో పేరు మార్పించుకుని, ఏడాదికోసారి ఈసీ తీయించాడు.

క్రమబద్ధీకరణ పూర్తయ్యాక, ఆయన మరణానంతరం భార్య, ఇద్దరు పిల్లలు రిజిస్టరు భాగపంపక దస్తావేజు రాసుకున్నారు. ఆ కొత్త పత్రంలో, ఆస్తి ఎలా సంక్రమించిందో తెలిపే రెండవ పేరాలో, ఈ దస్తావేజు సంఖ్య, సంవత్సరం, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం పేరు నమోదయ్యాయి. అసలు ప్రతి తల్లి దగ్గర, ధ్రువీకృత నకళ్లు పిల్లలిద్దరి దగ్గర ఉండాలని కూడా అందులోనే రాసుకున్నారు.