కసురు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: వాన తప్పిన బోరెండును, బోరెండిన ఇంటాయన కసరును, కాలువ పారు చేనివాడు అంతగా కసరడు.

ప్రతిపదార్థం: బోరెండును = మోటారు నీటికి మారుగా గాలి తోడును; కసరును = కూరలో ఉప్పు సరిపోయియున్నను చాలలేదని గద్దించును; అంతగా = సూత్రమునకు ప్రాణమైన పదము.

తాత్పర్యం: వాన తప్పడం కారణం, కసురు ఫలితం. కారణపు ప్రభావాన్ని తాను అందుకుని ఫలితం దాకా మోసుకుపోయే బోరును మనస్తత్వ పరిశోధకులు మీడియేటర్ అంటారు. ఫలితం ఏ దారిన కలిగిందో అది చెబుతుంది. కాలువ ఆ దారిలో ఉండదు, పక్కన నిలిచి అదే కారణం ఒకరి మీద గట్టిగా, మరొకరి మీద మెత్తగా పనిచేసేలా చేస్తుంది గనుక అది మోడరేటర్. ఎవరికి, ఏ పరిస్థితిలో అన్నదానికి అది జవాబు. బోరును లెక్కలోకి తీసుకుంటే వానకూ కసురుకూ నేరుగా కనిపించే సంబంధం తగ్గాలి. కాలువ విషయంలోనైతే వానను కాలువతో గుణించగా వచ్చే పదానికి ఫలితం మీద ప్రభావం ఉండాలి.

పూర్వపక్షం: రెండూ నీళ్లే కదా, రెండు పేర్లెందుకు?

సమాధానం: నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరులో బోరు స్థానిక వానకు లోబడినది, వాన తప్పితే తానూ తప్పుతుంది. కల్వకుర్తి ఎత్తిపోతల పథకమో, కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు వద్ద మొదలుపెట్టి మూడు అంచెల్లో శ్రీశైలం జలాశయపు నీటిని పైకెత్తుతుంది. ఆ కృష్ణ నీటిలో చాలా భాగం పడమటి కనుమల వాన చలవే కాబట్టి కోడేరు ఆకాశం మొహం చాటేసిన ఏడు కూడా కాలువ పారవచ్చు. మోడరేటర్‌కు కారణంతో సంబంధం లేకపోవడమే మేలని 1986లో మనస్తత్వ పరిశోధకులు బారన్, కెన్నీ ఈ రెంటి తేడాపై రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చెప్పినది ఇక్కడ చక్కగా కుదురుతుంది.

విశేషం: చిక్కంతా తెలుగు మాటతో వచ్చింది. మీడియేటర్‌ను మధ్యవర్తి అని అనువదించగానే చదివేవారి మనసులో రచ్చబండ మీది పెద్దమనిషి మెదులుతాడు. ఆయన తగవును ఒకరి దగ్గర అందుకుని మరొకరికి మోసేవాడు కాడు (మోసేవారు వేరే ఉంటారు, వారికి ఊళ్లో వేరే పేరుంది). తగవు తీవ్రతను తగ్గించేవాడు. కనుక శాస్త్రరీత్యా మన మధ్యవర్తి మోడరేటరే, చాడీలు మోసేవాడే మీడియేటర్.