మగదిక్కు ఉంటేనే గది తాళం

పెళ్లికాని జంట హోటల్ గదిలో ఉండకూడదని ఏ చట్టమూ చెప్పలేదని మద్రాసు హైకోర్టు తేల్చింది 2019 డిసెంబరులో.

చెన్నైలో కొన్ని లాడ్జీల కౌంటర్లకు ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది.

సెంట్రల్‌లో రైలు దిగిన విజయవాడ అమ్మాయి ఒక్కతే వెళ్తే: ‘తోడెవరూ రాలేదామ్మా?’

తోడు తెచ్చుకుంటే: ‘పెళ్లి ఫొటో ఉందా?’

నలుగురు స్నేహితురాళ్లతో వెళ్తే: ‘ఇంతమందిలో ఒక్క మగాడూ లేడా?’

ఆధార్ చూపినా చాలదు, నాన్నగారితో ఫోన్‌లో మాట్లాడించాలి. అమ్మాయి వయసు ముప్ఫై నాలుగు. బ్యాంకు మేనేజరు. ఆ నాన్నగారి ఇంటి లోనుకు సంతకం పెట్టింది ఆవిడే!

గది లేకపోతేనేం? అక్కడి సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు 2021 మే నుంచి ప్రయాణం ఉచితం. తోడెవరని కండక్టరు అడగడు. కిటికీ పక్క సీటు చూసుకుని పడుకోవడమే.