నేతిసీసా మీది గద్యానికి టీకా తాత్పర్యం

మూలం. “వైదిక బిలోనా పద్ధతిన, 25 లీటర్ల పాలకు కిలో చొప్పున, చేత్తో చిలికి, కట్టెల పొయ్యిపై కాచిన, దేశవాళీ గోవుల స్వచ్ఛమైన ఏ2 నెయ్యి.”

అవతారిక. ఈనాటి కొత్త వ్యాపారాలలో సరుకు కంటె ముందు చీటీ తయారవుతున్నది గనుకను, గానుగనూనె, తాటిబెల్లం మొదలైన పాత వంటింటి సరుకులన్నీ గాజుసీసాలూ గోనెగుడ్డ సంచులూ ఎక్కి రెండు మూడింతల ధరతో తిరిగి వస్తున్నవి గనుకను, ఆ కోవలో అగ్రగణ్యమైన నేతిసీసా గద్యాన్ని వ్యాఖ్యానించడం అవసరమైనది. ఇది ఏ ఒక్క కంపెనీ రచనా కాదు. స్వల్ప పాఠభేదాలతో అనేక సీసాల మీద కనిపించే అజ్ఞాతకర్తృకం. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాస కావ్యాలకు సంజీవని రచించాడు. ఇక్కడ మూలానికే ఆధారం లేకపోవడంచేత వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞ జోలికి పోలేదు.

టీక. “స్వచ్ఛమైన”, “నెయ్యి”, “కట్టెల పొయ్యి” సుబోధాలు గనుక విడువబడినవి. ఏ2 అనగా: పాలలోని మాంసకృత్తులలో బీటాకేసిన్ ఒకటి, అది 209 అమైనో ఆమ్లాల గొలుసు, అందులో 67వ స్థానంలో ప్రోలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. ఏ1 అరిగేటప్పుడు తెగే ఒక ముక్క రోగాలకు మూలమనే వాదం బయలుదేరగా, ఏ2 పాలు అమ్మడానికే న్యూజిలాండ్‌లో 2000లో ఒక కంపెనీ వెలిసింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో విచారించి, ఆ ముక్కకూ ఆ రోగాలకూ కార్యకారణ సంబంధం స్థిరపడలేదన్నది. పాల విషయంలో ఇది వాదమైనా అయింది. నెయ్యిలోనో, మన ప్రమాణాల ప్రకారం కొవ్వు 99.5 శాతానికి తగ్గరాదు. పెరుగు చిలికినప్పుడు మాంసకృత్తు దాదాపు అంతా మజ్జిగలోకి పోతుంది. వెన్నను అంటుకున్న కొంచెమూ, కాగే వెన్నలో చిటపటలు తగ్గి, నురగ తేలి, తమలపాకు తుంచి వేసే వేళకు ఎర్రని గసిగా అడుగుకు దిగుతుంది. ఏ2 కోరేవారు మజ్జిగ తాగి, గసిలో బెల్లం కలుపుకొని తినవలసి ఉండగా, ఆ రెండూ తీసివేసిన దానికి ఎక్కువ ధర ఇస్తున్నారు.

విశేషం. నేతిలో ఏ2 లేకపోవడం ఏ జాతి లేమి అని తార్కికులు ప్రశ్నిస్తారు. అభావం, అనగా లేకపోవడం, నాలుగు విధాలు: కుండ పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం, పగిలిన తరువాత లేకపోవడం ప్రధ్వంసాభావం, గాలికి రంగు ఎన్నడూ లేకపోవడం అత్యంతాభావం, కుండ గుడ్డ కాకపోవడం అన్యోన్యాభావం. ఇది ప్రాగభావం కాదు. ఎన్నేళ్లు నిలవ ఉంచినా నేతిలో ఏ2 పుట్టదు. ప్రధ్వంసాభావమూ కాదు, ఏ2 నశించలేదు, మజ్జిగలో క్షేమంగా ఉన్నది. అత్యంతాభావమందామంటే, వడపోతలో తప్పించుకున్న గసినలుసు ఒకటి ఉండవచ్చునని పూర్వపక్షి లేస్తాడు; ఆ నలుసుకే అంత సొమ్ము పోశామని కొన్నవారు ఊరడిల్లవచ్చు. కాబట్టి నెయ్యి ఏ2 కాదు, ఏ2 నెయ్యి కాదు అనే అన్యోన్యాభావమే నిర్వివాదం. ఇంతకంటె గొప్ప సంగతి మరొకటున్నది. అభావం తెలియాలంటే దాని ప్రతియోగి, అనగా లేని ఆ వస్తువు, ముందుగా తెలిసి ఉండాలని నైయాయికుల నియమం; కుండ అంటే ఎరగనివాడికి ఇక్కడ కుండ లేదన్న జ్ఞానం కలగదు. ఏ2 అంటే ఏమిటో ఎరగనివాడికి అది లేదనీ తెలియదు. వ్యాపారమంతా ఈ నియమం మీదనే నిలిచి ఉన్నది.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టు 21న, ఈ భేదం మాంసకృత్తుది గనుక పాలకొవ్వు సరుకులకు ఏ2 అని పేరు పెట్టడం తప్పుదోవ పట్టించడమేనని చెప్పి, ఆ నెల 26న ఆ ఉత్తర్వునే ఉపసంహరించుకున్నది. ఉత్సర్గం, అనగా సామాన్య నియమం, వెంట అపవాదం రావడం వ్యాకరణంలో ఉన్నదే గాని, అయిదు రోజులకు సూత్రమే మాయం కావడం పాణిని ఎరగడు. పింఛను డబ్బులో మిగిల్చి, మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని ఈ సీసా తెప్పించుకునే ముసలివారికి ఆ అయిదు రోజుల ముచ్చట చెప్పినవారు లేరు.

ఋగ్వేదం నాలుగవ మండలంలోని 58వ సూక్తం ఘృతాన్ని స్తుతించేదే గనుక “వైదిక” పదం నేతికి చెల్లును, కంపెనీకి చెల్లదు. “బిలోనా” అనగా హిందీలో చిలకడం. “చేత్తో” అనే తృతీయా విభక్తికి స్విచ్చి నొక్కడమని అర్థం చెప్పుకోవాలి. కవ్వానికి మోటారు బిగించి కాసేపు కుడికీ కాసేపు ఎడమకూ తిప్పడం ఈ సంప్రదాయంలో బాగా ప్రచారంలో ఉన్నది. “25 లీటర్లు” త్యాగం కాదు, భాగహారం. నాలుగు శాతం వెన్న ఉన్న పాలు ఎవరి ఇంట్లోనైనా అంతే ఇస్తాయి.

తాత్పర్యం. కొనుడని భావం.

పాఠాంతరం. “గోవుల” అన్నచోట “గేదెల” అని సవరించవచ్చు. గేదెపాలలోని బీటాకేసినూ ఏ2యే. తెలుగునాట ఎన్నో ఇళ్లలో తరతరాలుగా కాగినవి ఆ పాలే అయినా, చీటీ మీద బొమ్మకు ఆ నలుపు నచ్చలేదు కాబోలు. ఈ పాఠంలో 25 సుమారు 15కు దిగుతుంది, కవ్వమూ మోటారూ మారవు, ఏ2 పదం ఎంత సార్థకమో అంతే సార్థకంగా ఉంటుంది. సీసా అడుగున ముద్రించిన ధర ఒక్కటే అన్వయించదు.