లేత గులాబీ బాబాయి

లేత గులాబీ బాబాయి సాధారణంగా ఉద్యోగ విరమణ చేసిన మొదటి ఏడాదిలో బయటపడతాడు. అంతకుముందు ఆయనకు రంగుల మీద అభిప్రాయాలున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. బ్యాంకులోనో కరెంటాఫీసులోనో గోడలు ఏ రంగులో ఉన్నాయో చూడకుండానే సర్వీసంతా గడిపేసినవాడు, ఇంట్లో క్రీమ్ రంగు గోడకు చేరగిలబడి పేపరు చదువుకున్నవాడు, ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పడగ్గది గుమ్మంలో నిలబడి "ఈ గదిలో కళ లేదోయ్" అంటాడు. "దానికిప్పుడేమొచ్చింది? శుభ్రంగానే ఉందిగా" అంటుంది పిన్ని. అందులోని "వద్దు" బాబాయికి వినపడదు. పెయింట్ల దుకాణానికి బయల్దేరతాడు.

ఈ రకం మనిషికి కావలసింది గులాబీ రంగు కాదు. ఆ మాటంటే నొచ్చుకుంటాడు. ఆయనకు కావలసింది బ్లష్ పింక్. పూర్వం సంక్రాంతి ముందు సున్నంలో రంగుపొడి కలిపి కుంచెతో వెల్ల వేసే రోజుల్లో బకెట్టుకో ఛాయ వచ్చేది, ఎవరూ పట్టించుకునేవారు కారు. ఇప్పుడు దుకాణంలో మిషనుంది. కోడు కొడితే తెల్ల బేస్‌లో లెక్క ప్రకారం చుక్కలు పడతాయి. ఎరుపుతోపాటు కాస్త పసుపు, కాస్త నలుపు పడితేనే ఆ మసకదనం వస్తుంది. వట్టి ఎరుపు పడితే బేబీ పింకై కూర్చుంటుంది. చుక్క తేడాతో ఒక రంగు వంద రంగులవుతుందని తెలిసిన రోజే ఈ రకం బాబాయి పుట్టాడని చెప్పవచ్చు. పిన్ని ముప్పై ఏళ్ళుగా ఉల్లిపొర రంగు చీరలు కొంటుంటే షాపులో కుర్చీలో కునుకు తీసినవాడు, ఇప్పుడు ఉల్లిపొర రంగుకూ బ్లష్‌కూ ఉన్న తేడాను ఆమెకే వివరిస్తాడు.

తరువాతి దశ నమూనాలది. షేడ్ కార్డు మీద అంగుళం ముక్కను నమ్మకూడదని బాబాయి ఎక్కడో చదివాడు. అది నిజమే. చిన్న ముక్కలో లేతగా కనిపించిన రంగు గోడంతా పరుచుకుంటే ముదురుగా తోస్తుంది. నాలుగు గోడలూ ఒకదాని రంగును ఇంకొకదాని మీద ప్రతిఫలించుకుని మరింత చిక్కబరుస్తాయి. అందుకని గోడ మీద అరడజను పట్టీలు వేయించి, పక్కన పెన్సిలుతో నంబర్లు రాసి, పూటపూటకూ ఇంటిల్లిపాదినీ పిలిచి చూపిస్తాడు. ఉత్తరపు వెలుగులో నాలుగో నంబరు బూడిద తిరుగుతుంది. పడమటి కిటికీలో ఎండ దిగేవేళ అదే కనకాంబరం రంగుకొస్తుంది. 6500 కెల్విన్ల తెల్ల ట్యూబులైటు కింద నీలం ఛాయ పులుముకుంటుంది, 2700 కెల్విన్ల పసుపు బల్బు కింద పీచ్ అవుతుంది. "ఏది బావుంది?" అని అడిగితే పిన్ని నాలుగు అంటుంది. బాబాయి అయిదుకు ఖాయం చేస్తాడు. సలహా అడగడం ఈ రకానికి మర్యాదే తప్ప అవసరం కాదు.

పని మొదలైన రోజు నుంచి మేస్త్రికి నీడలా బాబాయి ఉంటాడు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గదికి నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులని ఆయన ముందే లెక్కగట్టాడు. తలుపులూ కిటికీలూ తీసేయడం మేస్త్రి మరిచిపోయాడని ఆయన అనుమానం. లప్పం పట్టి, ఎమరీ కొట్టి, ప్రైమర్ వేసి, మొదటి కోటు రోలరుతో లాగేసరికి బాబాయి గుండె జారుతుంది. "ఇదేంటయ్యా, తెల్లగా ఉంది!" "తడి మీద అట్టాగే ఉంటది సార్, ఆరితే రంగు దిగుద్ది" అంటాడు మేస్త్రి. ఎమల్షన్లు సాధారణంగా ఆరాక కాస్త ముదురుతాయి కనుక మేస్త్రి మాట శాస్త్రసమ్మతం. సాయంత్రానికి రంగు దిగుతుంది. బాబాయి మళ్ళీ వస్తాడు: "ఇదేంటయ్యా, ముదిరిపోయింది!" మేస్త్రి బీడీ వెలిగించుకోవడానికి బాల్కనీలోకి వెళతాడు. అయినా ఆ మేస్త్రి మరుసటి రోజూ వస్తాడు. ఎందుకంటే పదకొండింటికి టీ, గారెలు బాబాయే స్వయంగా తెచ్చి పెడతాడు, కూలి డబ్బుల దగ్గర పేచీ పెట్టడు. ఇన్ని రోజులూ బీరువా జరపడం, స్టూలు పట్టుకోవడం, డబ్బాలు మోయడం అన్న కొడుకుల వంతు. వాళ్ళకు ఆ నెలలో ఆదివారాలుండవు.

రంగు వేయడంతో పని అయిపోయిందనుకోవడం ఇంట్లోవాళ్ళ అమాయకత్వం. లేత గులాబీ తన పక్కన దేన్నీ పడనివ్వదు. ముదురాకుపచ్చ ఇనప బీరువా దాని పక్కన మొరటుగా కనిపిస్తుంది, దానికి తెల్లరంగు పడుతుంది. ట్యూబులైటు పోయి పసుపు బల్బు వస్తుంది. ఆ వెలుగులో పిన్నికి సూదిలో దారం ఎక్కదు. మెరూన్ కర్టెన్లు పోయి నారబట్టవి వస్తాయి. మేకు కొట్టకూడదు కనుక క్యాలెండరు వంటింటికి తరలిపోతుంది, దుర్ముహూర్తం చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. మంచం గోడకు జానెడు దూరం జరుగుతుంది. దానికి కారణం కొబ్బరి నూనె. దిండు జారి తల ఆనినచోట అరచేతంత మరక పడి, తుడిచినకొద్దీ దాని అంచు విస్తరిస్తుంది. బాబాయి తడిగుడ్డతో మెల్లగా అద్ది, ఆరనిచ్చి, లాఫ్ట్ మీద దాచిన డబ్బా దించి సన్నబ్రష్షుతో టచప్ చేస్తాడు. ఆ టచప్ చేసిన చోటు పక్కగోడతో కలవక ఎండవేళ వేరుగా కనపడుతుంది. దాన్ని కప్పడానికి మంచం మళ్ళీ గోడకు జరుగుతుంది.

వచ్చిన చుట్టాలకు గది చూపించడం తప్పనిసరి. హైదరాబాదులో ఇది చిక్కుతో కూడిన పని. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టినప్పటి నుంచీ ఇక్కడ గులాబీ అంటే ముందు పార్టీ గుర్తొస్తుంది. "టికెట్టేమైనా అడుగుతున్నారా?" అని పొరుగాయన అడిగితే బాబాయి ఆయన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళి ఛాయ తేడా చూపిస్తాడు. తెనాలి నుంచి వచ్చిన వియ్యపురాలు "ఆడపిల్లల గదా అన్నయ్యగారూ?" అంటే, 1918లో ఒక అమెరికన్ వ్యాపార పత్రిక గులాబీ మగపిల్లలకే తగినదని రాసిన సంగతి చెబుతాడు. 1876లో వేల్స్ యువరాజు రాకకు జైపూర్‌కు గులాబీ రంగు పూయించారన్న ప్రసిద్ధ కథ కూడా వినిపిస్తాడు. జైపూర్ రంగు లేత గులాబీ కాదు, మట్టి ఎరుపు కలిసినదని ఎవరైనా అంటే వినపడనట్టు ఊరుకుంటాడు.

ఆయన తురుపు ముక్క మాత్రం 1979 నాటి ప్రయోగం. అలెగ్జాండర్ షావుస్ అనే పరిశోధకుడి సూచన మీద అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళపు జైలు గదికి గులాబీ రంగు వేశారు, ఖైదీల దురుసుతనం తగ్గిందని అప్పట్లో నివేదించారు. ఆ జైలు అధికారుల పేర్లమీద దానికి బేకర్-మిల్లర్ పింక్ అని పేరొచ్చింది. తరువాతి పరిశోధనల్లో ఆ ఫలితం నిలబడలేదన్న రెండో సగం బాబాయి చెప్పడు. మొదటి సగం విన్న బావమరిది "అయితే బావగారూ, జైలు రంగన్నమాట" అని ఊరుకుంటాడు. ఆ పూట భోజనాల దగ్గర బావమరిదికి రెండోసారి నెయ్యి వడ్డించరు.

ఇంతా చేసి, వేసవి మధ్యాహ్నం ఇంట్లో అందరూ ఆ గదిలోకే చేరతారు. పిన్ని చాప వేసుకుంటుంది, మనవలు గోడకు కాళ్ళు తన్నిపెట్టి ఫోన్లు చూస్తారు. "చూశావా, రంగులో ఉంది మహత్యం" అంటాడు బాబాయి. ఇంట్లో ఏసీ ఉన్న గది అదొక్కటే. ఆ మాట పిన్నికి తెలుసు, కానీ ఆమె అనదు. పొరుగింటావిడ వచ్చినప్పుడు "మా ఆయనే దగ్గరుండి వేయించారు" అని చెబుతుంది. బాబాయి పక్క గదిలో పేపరు మడిచి వింటాడు.

లేత గులాబీ బాబాయి ప్రభావం సొంత ఇంటితో ఆగదు. అన్న కొడుకు నిజాంపేటలో ఫ్లాటు కొన్నాడని తెలియగానే, డైరీలో రాసుకున్న కోడుతో, చంకలో షేడ్ కార్డుతో దిగుతాడు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలకు ఇల్లంతా తెలుపే కావాలి. రెండు గంటల చర్చ జరుగుతుంది, కాఫీ రెండుసార్లు వస్తుంది. చివరికి ఒక్క గోడ దగ్గర రాజీ కుదురుతుంది. పెయింటర్లు దాన్ని హైలైట్ వాల్ అంటారు. ఆ గోడకు ఎదురుగా ఏ రంగు సోఫా వేయాలో చెప్పడానికి బాబాయి వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాడు.